డాబా మీది మైకు

“నానే సేసానని రాసీసుకోండి మేడమ్. సంతకం ఎక్కడెట్టాలో సూపించండి.”

పాతికేళ్లు పోలీసు ఉద్యోగం వెలగబెట్టి, అది మానేశాక ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన ‘కృపావతి డిటెక్టివ్ ఏజెన్సీ’ అని బోర్డు తగిలించుకున్నాను. చేసి, చేయలేదని బొంకినవాళ్లను ఎందరినో చూశాను. చేయకుండానే చేశానని ఇంత ఆత్రపడేవాణ్ని మాత్రం ఈ సాయిశంకర్‌నే చూడటం. నాకు ఒళ్లు మండింది.

“సంతకం సంగతి తర్వాత. మీ అమ్మ నాగమణి నిన్న పూర్ణా మార్కెట్‌లో కూరగాయల కొట్టు మూసేసి వచ్చి ఇక్కడ కూర్చుని ఏడ్చింది. నా కొడుకు ఏ పాపం ఎరగడమ్మా అని ఆవిడ. నేనే దొంగనని నువ్వు. ఇద్దరిలో ఎవరిని నమ్మమంటావ్?”

సాయిశంకర్ తల దించుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు పాపం, జైలుకి వెళ్లడానికి.

విషయం ఇదీ. ఎలమంచిలి అవతల, మేడిపాలెం పక్కన, సొంత విమానాలున్న బాబుల కోసం ఒక బిజినెస్ ఎయిర్‌పోర్టు కట్టారు. ఊళ్లు ఊరికే ఒప్పుకోలేదు. ఏడాదికి ఇన్ని విమానాలకు మించకూడదు. దిగేటప్పుడు ఇళ్ల మీంచి కాకుండా సముద్రం వైపు నుంచి రావాలి. చీకటి పడ్డాక ఇంజను మోగకూడదు. ఇవన్నీ జరుగుతున్నాయో లేదో చూడటానికి ఊరివాళ్లు, కంపెనీవాళ్లు, పైన ఒక రిటైర్డు జడ్జి, వీళ్లందరితో ఒక కమిటీ. ఈ చలికాలం మొదట్లో కంపెనీ వచ్చి, రాత్రిళ్లు కూడా దింపనివ్వండి, మావి చప్పుడు లేని కొత్త విమానాలు అంది. సరే, ఈ చలికాలమంతా దింపి చూడండి, ఊళ్లో మైకు పెట్టి కొలుస్తాం, మోత హద్దులో ఉంటే అనుమతి, దాటితే ఇంకెప్పుడూ అడగొద్దు అని కమిటీ చెప్పింది.

మైకు పెట్టింది దేముడమ్మ అనే ఆవిడ డాబా మీద. దాని తాళం కమిటీ టెక్నీషియన్ సాయిశంకర్ దగ్గర. చలికాలమంతా మైకు అంతా బాగుందనే చెప్పింది. ఊరు మాత్రం కంటి మీద కునుకు లేకుండా ఉంది. కమిటీకి అనుమానం వచ్చి, ఒక రాత్రి ఊరి మొదట్లో వేరే మీటరుతో కొలిపిస్తే మోత హద్దు దాటేసి కనిపించింది. అంటే డాబా మీది మైకుని ఎవరో చెడగొట్టారు. తాళం ఎవరి దగ్గరుందో వాడే దొంగ అన్నారు. ఈ సాయంత్రం కమిటీ కూర్చుని సాయిశంకర్‌ని పోలీసులకు అప్పగిస్తుంది. వీడేమో అప్పగించేదాకా కూడా ఆగేలా లేడు.

“ఎలా చేశావ్?” అన్నాను.

“లోపల సెట్టింగు మార్సీసాను.”

“సెట్టింగు మారిస్తే పగలు కూడా మోత తగ్గి కనబడాలిగా? పగటి లెక్కలు సరిగ్గానే ఉన్నాయట. రాత్రివే తగ్గాయి.”

“రేత్రి మార్సి, పొద్దున్న సరిసేసీవోణ్ని.”

“రోజూనా? ఎలమంచిలి వెళ్లి?”

“ఊఁ.”

“అబద్ధం ఆడితే అతికినట్టుండాలి నాయనా. ఈ చలికాలం ఒక్క రాత్రి కూడా నా కొడుకు ఇల్లు కదల్లేదని మీ అమ్మ చెప్పింది. నీకు దగ్గు పట్టుకుంటే వీపుకి నూనె రాసి పడుకోబెట్టేదిట. అదీ కాక పెట్టె సీలు ఊడలేదని కమిటీయే రాసింది. ఎవర్ని దాస్తున్నావ్?”

డబ్బు తీసుకున్నవాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది ఆ మొహం కాదు. లేచి మంచినీళ్ల గ్లాసు చేతిలో పెట్టి, వీపు మీద చెయ్యి వేశాను. పోలీసు స్టేషన్‌లో ఇలా అడగటం ఎవరూ నేర్పలేదు. నా అంతట నేనే నేర్చుకున్నాను.

“నానూరుకుంటే నానొక్కణ్నే పోతాను మేడమ్,” అన్నాడు. “ఆ ఇంట్లో సంటిపిల్లుంది.”

అంతే. నాకది చాలు. సాయంత్రం దాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టనని వాళ్లమ్మ మీద ఒట్టు వేయించుకుని కారు తీశాను.

* * *

మేడిపాలెం మొదట్లో, సిమెంటు రోడ్డు మొదలయ్యేచోట తెల్ల జీపు ఆగి ఉంది. దానికి ఆనుకుని నల్ల కళ్లద్దాలతో ఎడ్వర్డ్. ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ ఆఫీసరు. నాకు మరిది. మా ఆయన మైఖేల్ పోయేనాటికి ఇతను ఇంటర్ చదువుతున్నాడు. డిగ్రీ దాకా నా చేతి అన్నమే తిన్నాడు. నన్ను చూసి పోలీసుల్లో చేరాడు, నాకంటే ముందే విసుగెత్తి కంపెనీ ఉద్యోగంలోకి దూకాడు.

“ఎండలో ఎందుకొచ్చావు వదినా? బీపీ మాత్ర వేసుకున్నావా?”

“వేసుకున్నాను. నువ్విక్కడేం చేస్తున్నావ్?”

“మా కంపెనీ పేరు బజారున పడింది. చూసుకోవాలిగా. ఇంతకీ నువ్వు ఎవరి తరఫున?”

“నాగమణి కొడుకు తరఫున.”

“వాడు ఒప్పుకున్నాడుగా!”

చల్లగా అడిగాను. “నా ఆఫీసులో, తలుపులేసుకుని, ఇందాకే ఒప్పుకున్నాడు. నీకెవరు చెప్పారు?”

ఎడ్వర్డ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఒప్పుకుంటాడని మా అంచనా.”

“చేయనివాడు ఒప్పుకుంటాడని అంచనా వేసేంత గొప్ప ఆఫీసా మీది?”

“అదిగో, మొదలెట్టావ్! నీకు పెద్ద కంపెనీ అంటే చాలు, దొంగే. వదినా, మా ఎయిర్‌పోర్టుకున్నన్ని కట్టుబాట్లు ఇంకెవరికున్నాయి చెప్పు? రన్‌వే మీద పడ్డ వాననీళ్లు కూడా నూనె వడగట్టాకే బయటికి వదులుతాం. పొలాల్లో కొంగలు గుడ్లు పెట్టే రోజుల్లో అటు విమానం తిప్పం. ఎవరైనా ఫోన్ చేసి మోత ఎక్కువైందంటే, ఆ పూట ఏ విమానం ఎటు వచ్చిందో వెతికి జవాబివ్వాలి.”

“అవన్నీ మీరు ముచ్చటపడి పెట్టుకున్నవా? ఊరు రోడ్డు మీద కూర్చుంటే పెట్టారు.”

“పెట్టాంగా! ఊళ్లోవాళ్లకి పన్లు కూడా ఇచ్చాం. ఒక టెక్నీషియన్ కక్కుర్తిపడితే ఆ పాపం మాదా? వాణ్ని వదిలెయ్. ఈ ఒక్క కేసు ఓడిపో నా కోసం.”

“నీ కోసం చేపల పులుసు వండుతాను ఎడ్వర్డ్. కేసు ఓడిపోను.”

నవ్వాడు. చిన్నప్పటి నవ్వే. నా మనసు కరిగింది, దాచడం ఎందుకు. “రా, ఆ డాబా మీదికి కలిసి వెళ్దాం. నీ కళ్లతో నువ్వూ చూడు,” అన్నాను.

“మా కంపెనీ బట్టల్లో ఊళ్లోకొస్తే గొడవైపోద్ది. నేనిక్కడే ఉంటాను. ఏమైనా దొరికితే ఫోన్ చెయ్,” అని జీపులోంచి చల్లటి నీళ్ల సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

* * *

దేముడమ్మ ఇల్లు రెండు గదులు, పైన డాబా. నేను వెళ్లేసరికి కోడలు యశస్విని అరుగు మీద కూర్చుని పిల్లకి పాలిస్తోంది. ఇంకా బాలింతరాలే. చెవుల్లో దూది, తలకి నెత్తి మీంచి గడ్డం కిందికి తిప్పి ఎడమ చెవి దగ్గర ముడేసిన తెల్లటి నూలుగుడ్డ. పిల్లకి కూడా బుల్లి గుడ్డ, అదే ముడి.

“పోలీసమ్మా?” అంది దేముడమ్మ లోపలినుంచి వస్తూ. అరవై దాటిన మనిషి, పొలం పని చేసిన చేతులు.

“పోలీసుని కాను పెద్దమ్మా. సాయిశంకర్ కోసం వచ్చాను.”

ఆ పేరు వినగానే ఆవిడ కళ్లు నిండాయి. “ఆ బాబునేటి సేత్తన్నారు తల్లీ? ఎప్పుడొచ్చినా గుంటకి బిస్కత్తు తెచ్చీవోడు. పళ్లు రాని గుంటకి బిస్కత్తేటి బాబూ అంటే నవ్వీసి, నాకెట్టీసీవోడు.”

ఇద్దరం డాబా ఎక్కాం. ఒక మూల ఇనప గొట్టం, దాని నెత్తి మీద నల్లటి స్పాంజి బంతి. ఆ బంతిలోనే మైకు. చుట్టూ కాకులు వాలకుండా సన్నటి తీగల ముళ్లు. కింద సీలు వేసిన పెట్టె, దానికి అద్దంలోంచి కనబడే అంకెలు. సీలు చెక్కు చెదరలేదు. గొట్టం కదల్లేదు. తీగ ఎక్కడా తెగలేదు. అన్నీ సవ్యంగా ఉంటే నాకు చిరాకు.

స్పాంజి బంతి దగ్గరికి వంగి చూశాను. చంటిపిల్ల తలంత ఉంది. ముళ్ల తీగకి ఒక తెల్ల దారం చిక్కుకుని ఉంది. నూలు దారం. ఒక్క క్షణం కింద అరుగు మీద చూసిన రెండు తలలూ గుర్తొచ్చాయి.

“పెద్దమ్మా, దీనికి మీరు గుడ్డ కట్టేవారా?”

“కట్టకపోతే ఎలగమ్మా?” ఆవిడ ఆశ్చర్యపోయింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. “మంచు పడితే పాడైపోద్ది, జాగర్త పెద్దమ్మా అని సాయిశంకరం బాబే సెప్పినాడు. ఈదేమో ఊరి కోసం రేత్రంతా మేలుకుని ఉండీది. సల్లగాలి పోసుకోదా? పొద్దుగూకితే బాలింతరాలికి కట్టినట్టు కట్టీసి, ఎండెక్కినాక ఇప్పీసీదాన్ని. ఒక్కనాడు మానలేదు.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పగలు ఎవరు ఎక్కి చూసినా ఏమీ ఉండదు. ఇరుగూ పొరుగూ చూసినా, మంచుకి గుడ్డ కట్టింది అనుకుంటారే తప్ప తప్పని ఎవరికి తడుతుంది? సాయిశంకర్ ఏ సాయంత్రమో చూసి ఉంటాడు. చూసి, ముచ్చటపడి ఊరుకుని ఉంటాడు. తీరా గొడవయ్యాక ఈ చంటిపిల్ల నాయనమ్మని పోలీసులకి ఎలా పట్టివ్వనని తనే నెత్తినేసుకున్నాడు. పిచ్చి సన్నాసి! వాడి మీద కోపం రావాల్సింది, ప్రేమ పుట్టుకొచ్చింది.

కానీ నేను డిటెక్టివ్‌ని. పలచటి నూలుగుడ్డ విమానం మోతని ఆపుతుందా?

“పెద్దమ్మా, పక్క వీధిలో మీ అబ్బాయి ఉన్నాడనుకోండి. అన్నానికి పిలవండి.”

“ఓరి జగ్గారావోయ్!” అని కేకేసింది. కింద పిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది. పెట్టె మీద అంకె ఎనభై ఆరు చూపించింది. యశస్విని చేత ఒక నూలుగుడ్డ తెప్పించి, దేముడమ్మ చేతే మైకుకి కట్టించి మళ్లీ పిలిపించాను. ఎనభై ఐదు.

గుడ్డ ఏ పాపం ఎరగదు. నా గుండెలోంచి ఒక బరువు దిగి, ఇంకొకటి ఎక్కింది. మరి మోత ఎక్కడికి పోయింది?

మళ్లీ ముళ్ల తీగలన్నీ ఒక్కొక్కటే వేలితో తడిమాను. వెనకవైపు, కిందగా, మెరిసే బూడిదరంగు పీచు చిక్కుకుని ఉంది. నూలు కాదు. చీర జరీ అసలే కాదు. గిల్లితే స్పాంజిలా నొక్కుకుపోయింది.

“ఈ గుడ్డ కాకుండా ఇంకేమైనా కట్టారా?”

“రేత్రి విమానాలు దిగకముందు నెల్లాళ్లు ఈ గుడ్డే. తరవాత మంచిది వచ్చినాది గదా, ఈదెందుకు?” అంటూ దిగి వెళ్లి, ట్రంకు పెట్టెలోంచి భద్రంగా మడతపెట్టిన ఒక దుప్పటి ముక్క తెచ్చింది. బొంతలా మందం. పైన వెండిరంగు రేకు, లోపల స్పాంజి. ఇంజను మోత సీట్లలో కూర్చున్న బాబుల చెవిన పడకుండా విమానం గోడల్లో వేసే రకం. దాన్ని మైకుకి చుట్టి మళ్లీ కేక వేయించాను.

అరవై తొమ్మిది.

“ఇది ఎవరిచ్చారు పెద్దమ్మా?”

“ఎయిర్‌పోర్టు బాబు. గుంట పురుడు నాడు వచ్చినాడు. నాను గుడ్డ కట్టడం అంతకు ముందే సూసినాడట. పాపం, ఆ సన్నగుడ్డ సలికి ఆగదమ్మా, దీన్ని కట్టు, ఎవరికీ సెప్పకు, అందరూ అడుగుతారు అన్నాడు. అంత మెత్తటిది గుంటకి కప్పుదునా అనుకున్నాను. మల్లీ, అంతమందికి పనికొచ్చీదానికే కడదామని దీనికే కట్టినాను.”

“పేరు?”

“పేరేటి అడుగుతాను తల్లీ, ఇంటికొచ్చినోణ్ని? అన్నం ఎట్టినాను, తిన్నాడు.” ఆవిడ నా మొహంలోకి చూసింది. “ఏటమ్మా, తప్పు సేసినానా?”

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఈ దుప్పటి వల్ల మైకుకి మోత వినబడలేదని మెల్లగా చెప్పాను. వినబడనందుకే సాయిశంకర్ జైలుకి వెళ్లబోతున్నాడని కూడా చెప్పాను.

దేముడమ్మ ఆ వెండిరంగు దుప్పటి వైపు చూసింది. “రేత్రి విమానం దిగినప్పుడల్లా గుంట బెదిరిపోయి ఏడిసీది. ఎత్తుకుని తిరిగీదాన్ని. నీ ఏడుపు ఆ మైకు వింటాదిలే అమ్మా, సెప్తాదిలే అని జోకొట్టీదాన్ని.” కొంగు నోట్లో కుక్కుకుంది. “నా సేత్తోనే కట్టీసినాను గదమ్మా!”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే ఫోన్ తీసి ఎడ్వర్డ్‌కి చేశాను. నిజం చెప్పాలంటే విజయగర్వం కూడా ఉంది.

“దుప్పటి దొరికింది అబ్బాయ్. మీ విమానం గోడది. మీ ఆఫీసులో ఎవడో ఈ పెద్దావిడ మంచితనాన్ని వాడుకున్నాడు. వాడెవడో నువ్వే తేల్చాలి. నీ మీద నాకు నమ్మకముంది. పైకి రా.”

“వస్తున్నాను వదినా,” అన్నాడు.

రావడానికి కావలసినదానికంటే ఎక్కువసేపే పట్టింది. మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడగానే దేముడమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. ఎడ్వర్డ్ తల కనబడిందో లేదో, ఆవిడ మొహం విప్పారింది.

“రా నాయనా! ఇన్నాళ్లకి గుర్తొచ్చినామా? ఈ బాబేనమ్మా నాను సెప్పింది! గుంటకి జుబ్బా కూడా తెచ్చినాడు.”

డాబా మీద ఎండ ఎండలాగే ఉంది. నా ఒళ్లు మాత్రం చల్లబడింది.

“నువ్వా?” అన్నాను.

“ఇక్కడొద్దు వదినా. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం.”

“ఇక్కడే.”

పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. “రౌండ్‌కి వచ్చినప్పుడు ఈవిడ గుడ్డ కట్టడం చూశాను. నవ్వొచ్చింది. టీ తాగుతూ మా మేనేజర్‌కి సరదాగా చెప్పాను, అంతే. మర్నాడు ఈ దుప్పటి నా టేబుల్ మీద ఉంది. ఇచ్చిరా అన్నాడు. ఇచ్చాను.”

“సాయిశంకర్?”

“ఎవరో ఒకడి మీదికి పోతే చాలనుకున్నారు.”

“అనుకున్నారా, అనుకున్నావా?”

నా మొహం చూడలేకపోయాడు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది. ఆ మాటకొస్తే, దగ్గరికి తీసుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు.

“ఇంకోటి చెప్పాలి,” అన్నాడు, నేల చూస్తూ. “నువ్వు ఫోన్ పెట్టేయగానే నేను మా మేనేజర్‌కి ఫోన్ చేశాను. భయమేసింది వదినా. సాయిశంకర్ చెప్తే ఈవిడ కట్టిందని, ఇద్దరూ కలిసే చేశారని కంపెనీవాళ్లు అప్పుడే కంప్లయింట్ ఇచ్చేశారు. ఎలమంచిలి నుంచి పోలీసు జీపు బయల్దేరింది. ఈవిడ కోసం.”

“పోలీసులు నాకోసరం వస్తన్నారా?” అంది దేముడమ్మ.

ఆవిడ ఒకసారి కింద అరుగు వైపు చూసింది. యశస్విని పిల్లని భుజాన వేసుకుని జోకొడుతోంది. దేముడమ్మ కొంగు సర్దుకుని, మారు మాట లేకుండా మెట్లు దిగి వెళ్లింది.

“జీపు దిగినవాళ్లకి మొదటి మాట ఎవరు చెప్తారు ఎడ్వర్డ్?” అన్నాను. “నువ్వు చెప్తే నిజం ఒప్పుకున్నవాడివి. నేను చెప్తే దొరికిపోయినవాడివి. నాకు తెలిసిన ఎడ్వర్డ్ ఎవరో నువ్వే తేల్చు.”

“ఉద్యోగం పోద్ది. జైలు కూడా.”

“సాయిశంకర్ దానికి పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైపోయాడు. చేయనివాడు.”

ఎడ్వర్డ్ రెండు చేతుల్లో మొహం దాచుకుని మెట్టు మీద కూలబడ్డాడు. దూరంగా, సిమెంటు రోడ్డు మీద జీపు హారన్ మోగింది. కింద కుర్రకారు పరుగులు, ఎవరివో కేకలు.

దేముడమ్మ మళ్లీ పైకొచ్చింది. పళ్లెంలో మజ్జిగ గ్లాసులు. వచ్చేవాళ్లు ఎండలో వస్తారు కదా అని వాళ్లకి కూడా కలిపినట్టుంది, చాలా ఉన్నాయి. మెట్టు మీద కూర్చున్న ఎడ్వర్డ్‌ని చూసి ఆగింది. ఇందాక మేం మాట్లాడుకున్నదాంట్లో ఆవిడకి ఎంత అర్థమైందో, ఎంత అర్థం చేసుకోదలచలేదో నాకు ఇప్పటికీ తెలియదు. పళ్లెం కింద పెట్టి, మొదటి గ్లాసు తీసి అతని చేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ మూసింది.

“తాగు నాయనా. పోలీసోళ్లని సూసి బెదిరిపోకు,” అంటూ అతని తల నిమిరింది. “నానున్నాను గదా, నీకేటీ కానివ్వను.”

జీపు వచ్చి ఇంటిముందు ఆగింది. ఎడ్వర్డ్ గ్లాసు పట్టుకునే లేచి, మమ్మల్నిద్దర్నీ దాటుకుని, అందరికంటే ముందు మెట్లు దిగాడు.